అమెరికాలో బీ-ఫారం ఉండదు

తన మండలానికి జడ్పీటీసీ ఎవరో ఠక్కున చెప్పలేని కుర్రాడు, పెన్సిల్వేనియాకి ఎన్ని ఎలక్టోరల్ ఓట్లో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పంతొమ్మిది. 2024 నవంబర్ 6 పొద్దున మన హాస్టల్‌లోనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లో చూసినా ఇదే వరస. క్లాసులో వెనక బెంచీల మీద ఫోన్లలో అమెరికా మ్యాపు, అందులో ఎరుపు ఎక్కడ, నీలం ఎక్కడ అనే లెక్కలు. ఆ లెక్కలతో పాటు ఒక ధీమా కూడా వినిపిస్తుంటుంది: "అమెరికా గురించి అమెరికా వాళ్ళకన్నా మనకే బాగా తెలుసు."

ఈ ధీమాలో నిజం ఎంత? సమాచారం వరకైతే చాలానే ఉంది. అర్థం చేసుకోవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం బయటివాళ్ళు దాదాపు అందరూ ఒకే చోట తప్పటడుగు వేస్తారని నా అభిప్రాయం. తెలియని ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ సొంత దేశపు పద్ధతిని తెచ్చి నింపేస్తారు. పైగా ఆ ఖాళీ ఉందన్న సంగతి కూడా గమనించరు. అమెరికాకి ఎంత దగ్గరివాళ్ళైతే అంత తక్కువ గమనిస్తారు.

ఈ మాట తేల్చాలంటే ముందు మనల్ని కాదు, కెనడా వాళ్ళని చూడాలి. అమెరికాని అర్థం చేసుకోగల బయటివాళ్ళంటూ ఎవరైనా ఉంటే అది వాళ్ళే అయ్యుండాలి కదా. రెండు దేశాల మధ్య సరిహద్దు దాదాపు 8,900 కిలోమీటర్లు. కెనడా జనాభాలో మూడింట రెండొంతుల మంది ఆ సరిహద్దుకి 100 కిలోమీటర్ల లోపే బతుకుతున్నారు. క్యుబెక్ సంగతి పక్కన పెడితే ఎక్కువమందిది అదే ఇంగ్లీషు, అవే టీవీ షోలు, అవే బేస్‌బాల్, హాకీ లీగులు. 2024లో ఎగుమతుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు అమెరికాకే వెళ్ళాయి. 1969లో అప్పటి కెనడా ప్రధాని పియెర్ ట్రూడో వాషింగ్టన్‌లో విలేకరుల ముందు మాట్లాడుతూ, మీ పక్కన బతకడం ఏనుగు పక్కన పడుకోవడం లాంటిది, అదెంత సాధు జంతువైనా సరే దాని ప్రతి కదలికా మాకు తెలుస్తూనే ఉంటుంది అనే అర్థం వచ్చేలా చెప్పారు. ఏనుగు పక్కన పడుకున్నవాడికి దాని మీద శ్రద్ధ ఉండక తప్పదు. ఏనుగుకి ఆ అవసరం లేదు.

ఆ తేడా మీద కెనడా వాళ్ళు కడుపుబ్బా నవ్వుకున్న సందర్భం ఒకటుంది. రిక్ మెర్సర్ అనే హాస్యనటుడు మైకు పట్టుకుని అమెరికాలో తిరుగుతూ, కెనడా గురించి కల్పించిన వార్తలు చెప్పి అక్కడివాళ్ళ స్పందన అడిగేవాడు. 2000లో, అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ప్రచారం చేస్తున్న జార్జ్ డబ్ల్యూ బుష్‌తో "ప్రధాని జాన్ పూటిన్ మీకు మద్దతిస్తున్నారు" అన్నాడు. బుష్ సంతోషించాడు. అప్పటి ప్రధాని పేరు జాన్ క్రెటియెన్. పూటిన్ అంటే బంగాళాదుంప వేపుడు మీద చీజ్, గ్రేవీ వేసి తినే కెనడా తిండి. మెర్సర్ ఇంకోసారి అర్కాన్సా గవర్నర్ మైక్ హకబీ చేత "జాతీయ ఇగ్లూ"ని కాపాడుకున్నందుకు కెనడాకి శుభాకాంక్షలు చెప్పించాడు. వీటన్నిటితో 2001లో సీబీసీ ఒక ప్రత్యేక కార్యక్రమం వేస్తే దేశమంతా ఎగబడి చూసింది. మన సామెతలో పొరుగింటి పుల్లకూర రుచి. కెనడాలో వరస తిరగబడింది. పొరుగింటి కూరలో ఉప్పెక్కువైందని చెప్పుకోవడంలోనే వాళ్ళకి రుచి.

కానీ చూడండి, అవతలివాడికి మన గురించి తెలియకపోతే, అతని గురించి మనకి తెలిసినట్టు అయిపోదు. ఇవి రెండూ వేరు.

ఒక ఉదాహరణ. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కన్నా దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా ఆవిడ ఓడిపోయింది. "ఇదేం ప్రజాస్వామ్యం?" అని ప్రపంచమంతా నవ్వింది. కెనడా వాళ్ళూ నవ్వారు. మూడేళ్ళు తిరగకుండానే, 2019 కెనడా ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకి 34.3 శాతం ఓట్లు, 121 సీట్లు వచ్చాయి. లిబరల్స్‌కి 33.1 శాతం ఓట్లు, 157 సీట్లు. ప్రభుత్వం లిబరల్స్‌ది. 2021లో మళ్ళీ అదే జరిగింది. నియోజకవర్గాల వారీగా లెక్కపెట్టే ఏ పద్ధతిలోనైనా ఇలా జరగొచ్చు, మన దగ్గర కూడా. అది తెలిసినవాడు ఎలక్టోరల్ కాలేజీని విమర్శించొచ్చు. కాకపోతే, అది అమెరికావాళ్ళ వింత బుద్ధికి గుర్తు అని మాత్రం అనలేడు.

దీనికి ఎదురు దిశలో కూడా జరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో ట్రక్కులతో ఒట్టావా నగరాన్ని స్తంభింపజేసిన నిరసన గుర్తుండే ఉంటుంది. దానికి సంబంధించిన ఒక బెయిలు విచారణలో ఒకాయన "ఫస్ట్ అమెండ్‌మెంట్" గురించి మాట్లాడితే, అదేంటో చెప్పమని జడ్జి అడగాల్సి వచ్చింది. భావప్రకటన హక్కుకి ఆ పేరుండేది అమెరికా రాజ్యాంగంలో. కెనడాలో అది 1982 నాటి హక్కుల చార్టర్‌లో ఉంది. పొరుగుదేశం టీవీని అంతగా చూస్తే సొంత ఇంటి చట్టం పేరు కూడా పొరుగింటిదే నోటికొస్తుంది. అమెరికా మీద కళ్ళు పెట్టడం వేరు, రెండు దేశాల మధ్య గీత ఎక్కడుందో తెలియడం వేరని చెప్పడానికే ఇదంతా.

ఇక అసలు విషయానికొస్తాను. అమెరికా రాజకీయాల్లో బయటివాళ్ళకి, ముఖ్యంగా కెనడా, బ్రిటన్, ఇండియా లాంటి పార్లమెంటరీ దేశాలవాళ్ళకి, ఎక్కువగా అంతుపట్టని సంగతి ఒకటుంది. దాన్ని తెలుగువాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అమెరికాలో బీ-ఫారం ఉండదు.

మన దగ్గర ఎన్నికలొస్తే నామినేషన్ల ఆఖరి రోజు దాకా టెన్షనే. బీ-ఫారం ఎవరికొస్తుందా అని పార్టీ ఆఫీసు ముందు పడిగాపులు, అలకలు, బుజ్జగింపులు. చివరికి అధిష్ఠానం సంతకం ఎవరి కాగితం మీద ఉంటే గుర్తు వాళ్ళది. కెనడాలో ఇంత హడావుడి ఉండకపోవచ్చు గానీ సూత్రం ఇదే. పార్టీ ఆమోదం లేకుండా పార్టీ అభ్యర్థి కాలేరు. అమెరికాలో ఆ పని చేసేది ప్రైమరీ ఎన్నిక. అంటే అభ్యర్థి ఎవరో కూడా ఓటర్లే తేలుస్తారు. పార్టీ పెద్దలు ఒకరిని ఇష్టపడొచ్చు, డబ్బులు సమకూర్చొచ్చు, మాట సాయం చేయొచ్చు. ప్రైమరీలో ఇంకొకరు గెలిస్తే మాత్రం టికెట్ వాళ్ళదే, నోరు మూసుకోవాల్సిందే.

2014లో ఎరిక్ కాంటర్ ప్రతినిధుల సభలో రిపబ్లికన్ మెజారిటీ లీడర్. పార్టీలో రెండో స్థానం ఆయనది. వర్జీనియాలో సొంత నియోజకవర్గపు ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయాడు. 2016లో రిపబ్లికన్ పార్టీ పెద్దల్లో చాలామంది వద్దనుకున్న ట్రంప్ ఆ పార్టీ అభ్యర్థి అయ్యాడు. 2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ పదవికి డెమొక్రాట్ల ప్రైమరీలో మాజీ గవర్నర్ ఆండ్రూ క్వోమోని జోహ్రాన్ మమ్దానీ ఓడించి, నవంబర్‌లో మేయర్‌గా గెలిచాడు. రాజకీయంగా ట్రంప్ ఒక కొస, మమ్దానీ ఇంకో కొస. ఇద్దరూ లోపలికొచ్చిన తలుపు మాత్రం ఒకటే.

అందుకే "ఆ పార్టీ ఆయనకి టికెట్ ఎలా ఇచ్చింది?" అని మనవాళ్ళు అడిగే ప్రశ్నకి అమెరికాలో అర్థం లేదు. ఇవ్వడానికి అక్కడ ఎవరూ కూర్చుని లేరు.

బీ-ఫారం లేకపోతే ఇంకోటి కూడా పోతుంది. పార్టీ చేతిలో కొరడా ఉండదు. 2017 జులైలో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో ముఖ్యమైన భాగాల్ని రద్దు చేసే బిల్లు సెనేట్‌కి వచ్చింది. అధ్యక్షుడు రిపబ్లికన్, సెనేట్‌లో మెజారిటీ రిపబ్లికన్లదే. అయినా జాన్ మెకెయిన్‌తో సహా ముగ్గురు రిపబ్లికన్లు వ్యతిరేకంగా ఓటేసేసరికి బిల్లు 49-51తో పోయింది. మన లోక్‌సభలో విప్ ధిక్కరించి అలా ఓటేస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వానికే ఎసరొస్తుంది. మెకెయిన్ సెనేటర్‌గానే కొనసాగాడు. ఆయన్ని దించాలంటే పార్టీ వల్ల కాదు, అరిజోనా ఓటర్ల వల్లే అవుతుంది. ఈ మధ్యకాలంలో రిపబ్లికన్ సభ్యులు ట్రంప్‌ని ఎదిరించడం తగ్గిందంటే, దానికి కారణం కూడా ఇదే ప్రైమరీ. 2022లో వ్యోమింగ్‌లో లిజ్ చెనీకి జరిగింది అందరూ చూశారు. ఎదిరిస్తే ఓడించేది హైకమాండ్ కాదు, సొంత ఊళ్ళో ఓటర్లు.

పార్లమెంటరీ దేశాల కళ్ళతో చూస్తే ఇంకా వింతగా కనబడేది షట్‌డౌన్. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులపాటు అమెరికా కేంద్ర ప్రభుత్వంలో చాలా భాగం మూతపడింది. మన దగ్గరైనా, కెనడాలోనైనా ఖర్చుల బిల్లు సభలో ఓడిపోతే ప్రభుత్వం పడిపోతుంది. అవసరమైతే ఎన్నికలొస్తాయి. అక్కడ ప్రభుత్వం పడిపోదు, జీతాలు ఆగిపోతాయి. సెనేట్‌లో 53 మంది ఉన్న పార్టీకి కూడా అలాంటి బిల్లుని ముందుకి కదిలించడానికి 60 ఓట్లు కావాలి. "అధ్యక్షుడు వాళ్ళవాడే, రెండు సభలూ వాళ్ళవే, ఇంకేం కావాలి?" అనే ప్రశ్న మన సభల లెక్కలోంచి పుట్టింది.

రాజ్యాంగం నుంచి కొంచెం కిందికి దిగితే ఇంకో పొర. కెనడా రాజ్యాంగాన్ని 1867లో రాసుకున్నవాళ్ళు అప్పుడే పక్క దేశంలో అంతర్యుద్ధం చూసి ఉన్నారు. రాష్ట్రాలకి మరీ బలం ఇస్తే ఇలాగే అవుతుందని భయపడి, క్రిమినల్ చట్టం లాంటివి కేంద్రం చేతిలోనే పెట్టుకున్నారు. అమెరికాలో ఏ రాష్ట్రం శిక్షాస్మృతి ఆ రాష్ట్రానిదే. గంజాయి సంగతి తీసుకోండి. కెనడాలో 2018 అక్టోబర్ 17న ఒక్క చట్టంతో దేశమంతా చెల్లుబాటైంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో షాపులో కొనుక్కోవచ్చు, కేంద్ర చట్టం ప్రకారం మాత్రం ఇంకా నేరమే. ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోకండి. వీసాలు చూసేది కేంద్రం. "మా రాష్ట్రంలో లీగలే" అన్న నమ్మకంతో దాని జోలికెళ్ళిన విదేశీ విద్యార్థికి ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆ మాట అక్కరకు రాకపోవచ్చు. ఒకే నేల మీద రెండు చట్టాలు ఉంటాయని తెలియకపోతే, నష్టపోయేది కోర్సు మధ్యలో ఉన్న కుర్రాడు.

అమెరికాలో దాదాపు 90 వేల స్థానిక ప్రభుత్వాలున్నాయి. కౌంటీలు, నగరాలు, స్కూల్ డిస్ట్రిక్టులు, నీళ్ళకొకటి, అగ్నిమాపకానికొకటి. చాలాచోట్ల షెరీఫ్‌కి ఓటేస్తారు. చాలా రాష్ట్రాల్లో జడ్జీలకి కూడా. టెక్సస్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు పార్టీ గుర్తింపుతో పోటీ చేసి గెలుస్తారు. బడి ఖర్చులో కేంద్రం వాటా మామూలు ఏళ్ళలో పదో వంతుకి అటూ ఇటూ. మిగతాదంతా రాష్ట్రం, స్థానిక ఆస్తి పన్ను. మనం టీవీలో చూసే అమెరికా రాజకీయమంతా పై అంతస్తుది. కాపురం ఉండేది కింద.

డాలస్ దగ్గర పన్నెండేళ్ళుగా ఉంటున్న మా పెదనాన్న గారి అబ్బాయితో మాట్లాడితే నాకిది బాగా తెలిసొచ్చింది. అధ్యక్ష ఎన్నికల గురించి నేను అడిగిన ప్రశ్నలకి ముక్తసరిగా జవాబిచ్చాడు. "మీ స్కూల్ బోర్డు సంగతేంటన్నయ్యా?" అనగానే ఇరవై నిమిషాలు ఆపలేదు. ఏ బడికి ఏ రేటింగు, ఈ ఏడాది ఆస్తి పన్ను ఎంత పెరిగింది, కొత్త బడి కట్టడానికి బాండ్లు తేవాలా వద్దా అనే దాని మీద ఊళ్ళో ఓటింగు, లైబ్రరీలో పుస్తకాల గొడవ. ఆయనకింకా ఓటు హక్కు లేదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు. అయినా నాకు తెలిసినవాళ్ళలో అమెరికా రాజకీయం అందరికన్నా బాగా అర్థమైంది ఆయనకే అనిపించింది. పిల్లల చదువూ, ఇంటి అప్పూ ఎక్కడుంటే మనిషి చూపు అక్కడే ఉంటుంది కదా.

సంస్కృతి విషయంలో కూడా ఇంతే. సినిమాలు, సీరియళ్ళు చూసి అమెరికా తెలిసిపోయిందనుకునేవాళ్ళకి ఒక చిన్న సంగతి. మన హాస్టళ్ళలో రాత్రంతా చూసే 'సూట్స్' కథ జరిగేది న్యూయార్క్‌లో, షూటింగ్ ఎక్కువగా జరిగింది టొరంటోలో. 'ఎక్స్ ఫైల్స్' మొదటి ఐదు సీజన్లు వాంకూవర్‌లో తీశారు. మనం అమెరికా అనుకుని చూసిన వీధుల్లో కొన్ని అసలు అమెరికావే కావు.

మరి కెనడా వాళ్ళకి ఇదంతా తెలియదా? తెలిసినప్పుడు వాళ్ళంత బాగా ఎవరూ వాడుకోలేదు. 2017లో ట్రంప్ నాఫ్టా ఒప్పందాన్ని రద్దు చేస్తానన్నప్పుడు, కెనడా మంత్రులూ, ఎంపీలూ, రాష్ట్రాల ప్రీమియర్లూ వైట్‌హౌస్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేదు. గవర్నర్ల దగ్గరికి, మేయర్ల దగ్గరికి, రాష్ట్ర శాసనసభ్యుల దగ్గరికి వెళ్ళి, మీ రాష్ట్రం నుంచి మా దేశానికి ఇంత సరుకు వస్తోంది, మీ ఊళ్ళో ఇన్ని ఉద్యోగాలు దాని మీద ఉన్నాయి అని లెక్కలు చూపించారు. 2018 నవంబర్‌లో కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అమెరికాలో అధికారం ఎన్నిచోట్ల చెదిరి ఉంటుందో తెలిసినవాళ్ళు చేసే పని అది.

2025 అక్టోబర్‌లో ఒంటారియో ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. సుంకాలు మంచివి కావని రోనల్డ్ రేగన్ 1987లో చేసిన రేడియో ప్రసంగంలోని ముక్కలతో ఒక ప్రకటన తయారుచేసి, 7.5 కోట్ల కెనడా డాలర్ల ఖర్చుతో అమెరికా టీవీల్లో వేసింది. సరిగ్గా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ సమయం. అమెరికా సంస్కృతి తెలిసినవాళ్ళు తప్ప అలాంటిది తయారుచేయలేరు. రిపబ్లికన్లకి రేగన్ అంటే ఎంత గౌరవమో తెలుసు, ఏ ఆట మధ్యలో వేస్తే ఎందరు చూస్తారో తెలుసు. ఫలితం? ట్రంప్ మండిపడి వాణిజ్య చర్చలు ఆపేస్తున్నానన్నాడు. ప్రకటనని ఆపాల్సి వచ్చింది. ప్రధాని కార్నీ ట్రంప్‌కి క్షమాపణ చెప్పారు. ఆ ప్రకటన చేయడం తప్పని నేననను. దాన్ని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అయితే "రేగన్ పార్టీ" ఇంకా రేగన్ పార్టీగానే ఉందనే లెక్క మాత్రం పార్లమెంటరీ దేశపు లెక్క. బీ-ఫారం లేని చోట పార్టీ వారసత్వం కాగితం మీదే ఉంటుంది. ప్రైమరీ ఎవరు గెలిస్తే ఇల్లు వాళ్ళది, గోడ మీద పాత ఫోటో ఎవరిదైనా.

అలాగని బయటివాళ్ళకి అమెరికా అసలు అర్థం కాదనడం కూడా తప్పే. లోపలివాళ్ళు అలవాటు పడి చూడనివి బయటివాళ్ళు చూసిన సందర్భాలున్నాయి. 1831లో అలెక్సిస్ డి టోక్విల్ అనే ఫ్రెంచి కుర్రాడు జైళ్ళ మీద అధ్యయనానికని వెళ్ళి తొమ్మిది నెలలు తిరిగాడు. దిగేనాటికి పాతికేళ్ళు. అధ్యక్షుడి గురించి ఎంత ఆలోచించాడో ఊరి సభల గురించీ, సంఘాల గురించీ అంత ఆలోచించాడు. ఆయన పుస్తకాన్ని ఇప్పటికీ అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతారు. 1938లో కార్నెగీ సంస్థ, నల్లజాతివాళ్ళ సమస్య మీద అధ్యయనం చేయడానికి గున్నార్ మిర్డాల్ అనే స్వీడన్ ఆర్థికవేత్తని కావాలనే బయటినుంచి పిలిపించింది. ఆయన దక్షిణాది రాష్ట్రాలు తిరిగి, రాల్ఫ్ బంచ్ లాంటి నల్లజాతి పండితులతో కలిసి పనిచేసి, 1944లో తెచ్చిన పుస్తకాన్ని బడుల్లో జాతి వివక్ష చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రస్తావించింది. మన రామ్ మనోహర్ లోహియా 1964 మేలో మిసిసిపీలోని జాక్సన్‌లో తెల్లవాళ్ళకే పరిమితమైన హోటల్లోకి వెళ్ళబోయి అరెస్టయ్యారు. కులం తెలిసిన మనిషికి ఆ గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో వేరే చెప్పాల్సిన పని లేదు. మన అనుభవం పనికొచ్చే చోట్లు కూడా ఉంటాయి. అది పోలికగా పనికొస్తుందా, లేక ఖాళీని కప్పేస్తోందా అని ఒకసారి సరిచూసుకోవాలంతే.

ఇక మన సంగతి. మనవాళ్ళు డెమొక్రాట్లంటే కాంగ్రెస్, రిపబ్లికన్లంటే బీజేపీ అని సులువుగా లెక్క కట్టేస్తారు. లేదా మనవాళ్ళెవరున్నారని వెతుకుతారు. 2024 ఎన్నికలప్పుడు తమిళనాడులో తులసేంద్రపురం కమలా హారిస్ కోసం పూజలు చేసింది. ఉషా వాన్స్ పూర్వీకుల ఊరైన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు, ఆవిడ భర్త ఉపాధ్యక్షుడిగా గెలిచినందుకు సంబరం చేసుకుంది. ఊరి ఆడపడుచు అనే అభిమానాన్ని తప్పుపట్టను, అది మన మర్యాద. ఆ అభిమానంతో వీసా లెక్కలు వేస్తేనే చిక్కు.

2025 సెప్టెంబర్ 19న హెచ్‌-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలనే ప్రకటన మీద ట్రంప్ సంతకం చేశాడు. ఆ శుక్రవారం రాత్రి తెలుగు వాట్సాప్ గ్రూపులు ఎలా అల్లాడిపోయాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏటా కట్టాలని వాణిజ్య శాఖ అధిపతే అన్నాడు. ఉన్నవాళ్ళకీ వర్తిస్తుందని భయపడి, సెలవుకొచ్చినవాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ వచ్చింది: కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే. అమెరికాలోనే ఉండి చదువు వీసా నుంచి మారేవాళ్ళకి వర్తించదని అక్టోబర్‌లో ఇంకో వివరణ. అధ్యక్షుడి ప్రకటన, శాఖ పెట్టే నిబంధన, కాంగ్రెస్ చేసే చట్టం, కోర్టు ఇచ్చే స్టే ఇవన్నీ వేర్వేరు అని తెలిసినవాళ్ళు ఆ రాత్రి కూడా కంగారుపడే ఉంటారు. కానీ ముందు అసలు కాగితం వెతికి చదివారు.

అసలు మనల్ని ఎక్కువగా కట్టిపడేసేది ఆ ప్రకటన కూడా కాదు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదనే పరిమితి 1990 నాటి చట్టంలో ఉంది. ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి మరో 20 వేలు అనే హెచ్‌-1బి లెక్క కూడా కాంగ్రెస్ చేసిన చట్టమే. అప్పటి నుంచి రెండు పార్టీల అధ్యక్షులూ వచ్చారు, వెళ్ళారు. మా అన్నయ్య నిలబడ్డ క్యూ కదలలేదు. "ఫలానా ఆయన గెలిస్తే మనకి మంచిది" అని మన ఇళ్ళల్లో నాలుగేళ్ళకోసారి జరిగే చర్చలో ఆ 7 శాతం మాట ఎవరి నోటా రాదు. పొలం తాకట్టు పెట్టి నలభై యాభై లక్షల అప్పుతో పిల్లల్ని పంపే ఇంట్లో ఆ మాట రావాలి.

"అమెరికా వాళ్ళకే తెలియనివి మనకెందుకు?" అని నా రూమ్మేట్ ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి అడిగాడు. వాళ్ళకి తెలియకపోయినా నడుస్తుంది. ఆ దేశం వాళ్ళది, తప్పు చేసినా ఎవరూ పంపించేయరు. ఓటు లేకుండా, నిబంధన మారితే మూట సర్దుకోవాల్సిన స్థితిలో ఉండేవాడికి అది కుదరదు. కెనడా వాళ్ళకి ఏనుగు పక్కన పడక ఉంది. మనం ఆ ఏనుగు మీద అప్పు చేసి ఎక్కాలనుకుంటున్నాం.

కాబట్టి ఫైనల్ ఇయర్ మిత్రులకి నేను చెప్పేది ఒకటే. జీఆర్‌ఈ పదాలతో పాటు, మీరు వెళ్ళే రాష్ట్రం పేరు రాసుకుని మూడు ప్రశ్నలకి జవాబులు వెతకండి. అక్కడ గవర్నర్ ఎవరు, శాసనసభ ఏ పార్టీది? మీరు చేరేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే దాని బోర్డుని ఎవరు నియమిస్తారు? మీ వీసాకి సంబంధించిన ఏ విషయం చట్టంలో ఉంది, ఏది ఒక్క సంతకంతో మారిపోతుంది? పెన్సిల్వేనియాకి ఎన్ని ఓట్లో మీకు ఎలాగూ తెలుసు. ఈ మూడూ తెలుసుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.